రందిని రందిగా వినే మనిషేదీ?

కామాటిపురా సందుల నుంచి నాయర్ ఆసుపత్రికి నడిచి పోవచ్చు. జేజే ఆసుపత్రి కూడా ఎంతో దూరం లేదు. రెండూ పేదలు వెళ్లే ఆసుపత్రులే. రెండింట్లోనూ మానసిక వైద్య విభాగాలున్నాయి. అయినా అక్కడి తెలుగు ఇళ్లలో మనసు చెదిరిన మనిషి డాక్టరు ముందుకు చేరేసరికి ఏళ్లు గడిచిపోతుంటాయి. కొందరు అసలే చేరరు. చేరినవారిలోనూ రెండు నెలలు మాత్రలు మింగి మానేసేవారుంటారు. దీనికి డాక్టర్ల కొరత ఒక్కటే కారణమంటే కుదరదు. ఇంటికీ ఆసుపత్రికీ నడుమ చెయ్యి పట్టుకొని నడిపించే మనిషి లేకపోవడమే అసలు లోటు.

ఆ మనిషిని కాగితాల మీద సపోర్ట్ వర్కర్ అంటారు. ఇంటి భాషలో చెప్పాలంటే తోడు మనిషి. డాక్టరు కాదు, నర్సు కాదు. శిక్షణ తీసుకొని, జబ్బు మనిషి ఇంటికి వారం వారం వెళ్లి కూర్చొని, మంచీ చెడ్డా కనుక్కునే వ్యక్తి. ముంబై తెలుగు చాళ్లలో ఈ కొలువు ఉండాలి. తెలుగు వచ్చిన వారికే దాన్ని ఇవ్వాలి. 'సేవ' అని పేరుపెట్టి చేతులు దులుపుకోకుండా జీతమిచ్చి చేయించాలి. ముంబై కార్పొరేషన్, అక్కడి తెలుగు సంఘాలు, తెలంగాణ ప్రభుత్వం తలచుకుంటే ఇదేమంత పెద్ద పని కాదు.

సమస్య చిన్నదేమీ కాదు. బెంగళూరు నిమ్‌హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెద్దవారిలో వందకు పది మందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదు. పల్లెల కన్నా మహానగరాల్లోనే ఈ బాధలు ఎక్కువని కూడా ఆ సర్వే తేల్చింది. మహానగరంలో బతుకుతూ, ఆ నగరం భాష సగమే వచ్చిన వలస కుటుంబాల సంగతి ఇక వేరే చెప్పాలా?

చిరునామానే దాచుకునే చోట

18వ శతాబ్దం చివర్లో నిజాం ఇలాకా నుంచి కూలీలు, మేస్త్రీలు బొంబాయి చేరారు. దీవుల నడుమ పల్లపు నేలలు పూడ్చి నగరం కడుతున్న రోజులవి. వారిని కామాటీలన్నారు. వారున్న చోటు కామాటిపురా అయింది. తర్వాత బట్టల మిల్లులు లేచాయి. తెలంగాణ జిల్లాల పద్మశాలీలు వర్లీ, పరేల్ ప్రాంతాల చాళ్లు చేరి మగ్గం వదిలి మిల్లు సాంచాల మీద నిలబడ్డారు. ఇప్పటికీ ఆ చాళ్లలో బతుకమ్మ ఆడతారు, బోనాలు తీస్తారు.

మంచి రోజులు అట్లాగే ఉండలేదు. 1982 జనవరి 18న మొదలైన మిల్లు సమ్మెలో దాదాపు రెండున్నర లక్షల మంది కార్మికులు పాల్గొన్నారు. సమ్మె విరమించామని ఎవరూ ప్రకటించలేదు. ఒక్కొక్కటిగా మిల్లులే మూతపడ్డాయి. నెల జీతం తెచ్చిన చేతులు ఖాళీ అయ్యాయి. సాంచాల చప్పుడు లేనిదే నిద్రపట్టని మనుషులు పగలంతా చాల్ వరండాలో కూర్చోవలసి వచ్చింది. కొందరు తాగుడుకు బానిసలయ్యారు. కొందరు మాట్లాడటం మానేశారు. దాన్ని ఆనాడు ఎవరూ జబ్బుగా చూడలేదు. 'పని పోయింది గదా, మనిషి గట్లనే అయిండు' అని ఊరుకున్నారు.

కామాటిపురాకు మరో బరువుంది. ఆ పేరు వినగానే దేశమంతటికీ గుర్తొచ్చేది ఒకటే. సందుల్లో తరాలుగా కాపురముంటున్న కూలీ కుటుంబాలు, చిన్న వ్యాపారులు ఎవరికీ గుర్తుకు రారు. పిల్ల పెళ్లికి, కొలువు దరఖాస్తుకు అక్కడి చిరునామా రాయడానికే జంకే ఇళ్లున్నాయి. చిరునామానే దాచుకునే చోట ఇంట్లో జబ్బును ఎవరు చెప్పుకుంటారు? ఇక ఆ వృత్తిలో ఉన్న తెలుగు ఆడవాళ్ల గోడు మరీ అన్యాయం. ఊరికి ఫోన్ చేసినప్పుడు ఒక బతుకు, సందులో ఇంకో బతుకు. రెండు బతుకుల నడుమ నలిగిపోయే మనసుకు మందు ఎవరిస్తారు?

మాట దగ్గరే ఆగిపోతున్న వైద్యం

తెలంగాణ నుంచి వచ్చిన మనిషి 'నాకు డిప్రెషన్ ఉంది' అని చెప్పదు. 'రంది వెట్టుకున్న' అంటుంది. 'మనాది వట్టింది' అంటుంది. 'పానం గుంజుతుంది, నిద్ర పడతలేదు, గుండె దడదడ అంటుంది' అని చెప్తుంది. ఈ మాటలన్నీ ఒకటి కావు. రందికి సాధారణంగా ఒక కారణం ఉంటుంది. అప్పో, ఎదిగిన బిడ్డో, ఇల్లు పట్టని కొడుకో. మనాది అట్లా కాదు. లోపలికి దిగి కూర్చున్న దుఃఖమది. తిండి సహించదు, మనిషి చిక్కిపోతుంది. ఆసుపత్రి బల్ల ముందు ఈ రెండూ 'టెన్షన్' అనే ఒక్క మాటగా మారిపోతాయి. క్యూలో వంద మంది ఉన్న డాక్టరు ఆ ఒక్క మాటకే మందు రాస్తారు. ఆయన తప్పు కూడా కాదది. ఆయన చెవిన పడిందే అంత.

పోనీ ఇంటివాళ్లు తర్జుమా చేయరా అంటే చేస్తారు. అక్కడే అసలు చిక్కు. కోడలు చెప్పేది అత్త తర్జుమా చేస్తే ఏం మిగులుతుంది? తల్లి 'సావాలె అనిపిస్తుంది బిడ్డా' అంటే పదిహేనేళ్ల కొడుకు ఆ మాట నోటితో పలకలేడు. 'మమ్మీకి మనసు బాగుండటం లేదు' అని హిందీలో చెప్పి తల దించుకుంటాడు. డాక్టరుకు అన్నిటికన్నా ముందు తెలియవలసిన మాట అక్కడే పోయింది. పిల్లవాడి మెడ మీద మోయలేని బరువు పడింది.

చెప్పకుండా పోయే సంగతులూ ఉన్నాయి. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఏమైందో ఇక్కడివారు మరిచిపోలేదు. కల్లులో కలిపే మత్తుమందుకు అలవాటు పడ్డ జనం అది దొరక్క వింతగా ప్రవర్తిస్తూ ఆసుపత్రుల పాలయ్యారు. అలాంటి అలవాటున్న మనిషి దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి బొంబాయిలో దిగితే నాలుగో రోజు చేతులు వణుకుతాయి, లేనివి కనిపిస్తాయి, ఫిట్స్ రావచ్చు. ఇంటివాళ్లు గాలి సోకిందనుకుంటారు. 'ఊర్ల కల్లు తాగేటోడివా తమ్మీ? ఎన్ని రోజులైంది బంద్ జేసి?' అని అడగాలన్న ఆలోచన పల్లె తెలిసిన మనిషికే ముందుగా వస్తుంది. ఆ ఒక్క ప్రశ్న ప్రాణం నిలబెడుతుంది.

భాష సంగతి దయాధర్మం కాదు, చట్టం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 22వ సెక్షన్ ప్రకారం తన జబ్బేమిటో, చేయబోయే వైద్యమేమిటో తనకు అర్థమయ్యే భాషలో తెలుసుకునే హక్కు రోగికుంది. చట్టం 2018లో అమల్లోకి వచ్చింది. అర్థమయ్యే భాషలో చెప్పే మనిషిని మాత్రం ఎవరూ కుర్చీలో కూర్చోబెట్టలేదు.

తోడు మనిషి చేసే పని

ఈ పని బయటికి కనిపించదు. అందుకే దీన్ని పనిగా ఎవరూ లెక్కబెట్టరు. మొదటి రెండు మూడు సార్లు వెళ్లినప్పుడు జబ్బు ఊసే ఎత్తకూడదు. గడప దగ్గర కూర్చోవాలి, చాయ్ ఇస్తే తాగాలి, నీళ్ల పంపు సంగతో పిల్లల బడి సంగతో మాట్లాడాలి. జబ్బు మనిషి గోడ వైపు తిరిగి పడుకుని ఉంటే 'అన్నా, మళ్ల మంగళవారం వస్త' అని చెప్పి లేవాలి. చెప్పిన మంగళవారం తప్పకుండా రావాలి. మాట నిలబెట్టుకోవడమే సగం వైద్యం.

తర్వాత ఆసుపత్రి. ఏ కిటికీ దగ్గర చీటీ, ఏ గదిలో డాక్టరు, ఏ రోజు ఏ యూనిట్ అన్నది చదువు రానివారికి పెద్ద అడవి. దినకూలీ ఒక రోజు నాకా మీద నిలబడకపోతే ఆ రోజు పొయ్యి వెలగదు. కాబట్టి ఇంటివాళ్లు మొదటిసారి వస్తారు, రెండోసారి రారు. అక్కడ తోడు మనిషి నిలబడాలి. మాత్రలు మొదలయ్యాక నోరు ఎండిపోతుంది, లేదా చొంగ కారుతుంది. ఒళ్లు బరువెక్కుతుంది, చేతులు వణుకుతాయి. 'మందు ఇంకింత పిచ్చి జేస్తుంది' అని కవర్ తీసి మోరీలో పారేసేది అప్పుడే. తోడు మనిషి ఆ వారమే వస్తే, సంగతి డాక్టరు చెవిన వేస్తే, మోతాదు మారుతుంది. రాకపోతే చికిత్స అక్కడితో సరి.

జబ్బు తిరగబెట్టే గుర్తులు కూడా ఇంటికి పోయేవారికే ముందు తెలుస్తాయి. మూడు రాత్రులు నిద్ర లేదా? స్నానం మానేసిండా? ఇరుగుపొరుగు తన గురించే గుసగుసలాడుతున్నరని అంటున్నడా? అప్పుడు ఫోన్ చేస్తే ఓపీతో పోతుంది. పట్టించుకోకపోతే పోలీసులు, తాళ్లు, ఠాణే మానసిక ఆసుపత్రి.

కాగితాల పని ఇంకొకటి. 2016 వికలాంగుల హక్కుల చట్టం మానసిక జబ్బును కూడా వైకల్యంగా గుర్తించింది. వైకల్యం 40 శాతానికి తగ్గకుండా ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే పథకాలకు దారి దొరుకుతుంది. కానీ ఆధార్‌లో ఊరి చిరునామా, రేషన్ కార్డు ఇంకోచోట, ఓటు మరోచోట ఉన్న కుటుంబం ఆ కాగితాలు ఎట్లా కూడబెట్టాలి? దానికీ ఒక మనిషి తిరగాలి.

చేయకూడనివీ ఉన్నాయి. జబ్బు పేరు తానే నిర్ణయించకూడదు. మోతాదు మార్చకూడదు. అప్పు ఇవ్వకూడదు, తీసుకోకూడదు. గుడికో దర్గాకో పోయేవారిని ఎగతాళి చేయకూడదు. అట్లని కట్టేసి కొట్టేచోట ఊరుకోకూడదు. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఎర్వాడిలో గొలుసులతో కట్టేసిన 28 మంది మంటల్లో కాలిపోయారు. గొలుసు వేయడాన్ని 2017 చట్టం పూర్తిగా నిషేధించింది. గుజరాత్‌లోని ఉనావా మీరా దాతార్ దర్గాలో మాత్రం 2008 నుంచి మరో దారి పట్టారు. 'దవా-దువా' పేరుతో దర్గా పెద్దలే భక్తులను ప్రార్థనతో పాటు డాక్టరు దగ్గరికీ పంపించే ఏర్పాటది. మైసమ్మ మొక్కు తీర్చుకుంటూనే మాత్ర మింగవచ్చని చెప్పగలిగిన మనిషి చాళ్లలోనూ కావాలి.

చేసి చూపినవారున్నారు

పెద్ద చదువులు లేనివారు ఇంత పని చేయగలరా అని అనుమానించేవారు గోవా వైపు చూడాలి. అక్కడ మామూలు స్థానికులకు శిక్షణ ఇచ్చి ఆరోగ్య కేంద్రాల్లో కౌన్సెలర్లుగా పెట్టారు. ఆ ఫలితాలు 2010లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. ప్రభుత్వ కేంద్రాలకు వచ్చిన డిప్రెషన్, ఆందోళన బాధితుల్లో ఆరు నెలలకు 66 శాతం మంది కోలుకున్నారు. ఆ ఏర్పాటు లేని కేంద్రాల్లో కోలుకున్నది 42 శాతం మందే. ప్రైవేటు క్లినిక్‌లలో మాత్రం అంత తేడా కనిపించలేదు. తీవ్రమైన స్కిజోఫ్రీనియా బాధితుల ఇళ్లకు కార్యకర్తలను పంపే ప్రయోగం గోవా, సతారా, తమిళనాడు ప్రాంతాల్లో జరిగింది. 2014లో ఫలితాలు ప్రకటించారు. మేలు ఉంది, కానీ అది కొంతే. ఎక్కువగా కనిపించింది తమిళనాడు పల్లెల్లోనే. తోడు మనిషి మంత్రదండం కాదన్నది దీని అర్థం. వెనుక డాక్టరు, మందులు, పర్యవేక్షణ ఉంటేనే ఆ పని నిలుస్తుంది.

జింబాబ్వే కథ ఇంకా దగ్గరిది. అక్కడ 2006 నుంచి ముసలమ్మలకు శిక్షణ ఇచ్చి ఆరోగ్య కేంద్రం ఆవరణలో బల్ల మీద కూర్చోబెడుతున్నారు. జనం తమ బాధను 'కుఫుంగిసిస' అంటారు. అంటే అతిగా ఆలోచించడం. అచ్చంగా రందే! ఆ ముసలమ్మలు ఇంగ్లీషు జబ్బు పేర్లు పక్కనపెట్టి జనం మాటతోనే మొదలుపెట్టారు. 2016లో వచ్చిన అధ్యయనం అది బాగా పనిచేస్తోందని చూపింది.

కామాటిపురాలోనే ఒక పాఠం ఉంది. 1986లో అక్కడ మొదలైన ప్రేరణ సంస్థ ఆ వృత్తిలోని తల్లుల పిల్లల కోసం రాత్రి సంరక్షణ కేంద్రం నడిపింది. తల్లులకు పని రాత్రే గనుక కేంద్రమూ రాత్రే. జనం వేళలను బట్టి సేవ నడవాలి. పొద్దున నీళ్ల వేళ, సాయంత్రం కూలి దిగిన వేళ తోడు మనిషికి కొలువు వేళలు కావాలి. పదింటికి తెరిచి ఐదింటికి మూసే దఫ్తర్ ఇక్కడ పనికిరాదు.

పల్చని గోడలు, పల్చని జీతాలు

చాల్ గోడలు పల్చన. ఒకింట్లో దగ్గితే పక్కింట్లో వినిపిస్తుంది. అదే చాల్ మనిషిని తోడు మనిషిగా పెడితే గుట్టు నిలుస్తుందా అనే భయం న్యాయమైనదే. అందుకే ఒక చాల్ వారిని ఇంకో చాల్‌కు పంపాలి. గుట్టు రట్టు చేస్తే కొలువు పోతుందన్న షరతు ఉండాలి. మాట్లాడుకోవడానికి సంఘం గదో, బడి గదో వారానికి కొన్ని గంటలు ఇవ్వాలి.

జీతం సంగతి మరీ ముఖ్యం. 2005లో మొదలైన ఆశా కార్యకర్తలకు ఈ రోజుకూ ఇచ్చేది జీతం కాదు, పారితోషికం. ముంబైలో ఇంటింటికీ తిరిగే కార్పొరేషన్ ఆరోగ్య సేవికలు కూడా తమను ఉద్యోగులుగా గుర్తించాలని ఏళ్లుగా పోరాడుతున్నారు. ఆ వరుసలో ఇంకో ఆడమనిషిని నిలబెట్టి 'సేవ చెయ్యమ్మా' అంటే అది దోపిడీయే. పైగా ఇది రోజంతా పరుల దుఃఖం వినే పని. చావు మాటలు విని ఇంటికి వచ్చి అన్నం వండాలి. వారానికోసారి పెద్ద చదువు చదివినవారు కూర్చొని వారి బరువు దించాలి. సెలవు ఉండాలి. ఒక్కొక్కరికి ఇన్ని ఇళ్లే అన్న హద్దు ఉండాలి. లేకపోతే తోడు మనిషికే తోడు కావలసి వస్తుంది.

మనుషులు దొరకరా అన్న ప్రశ్నే లేదు. ముంబై కార్పొరేషన్ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడిపింది. వాటిలో చదివి తెలుగు, మరాఠీ, హిందీ మూడూ వచ్చిన ఆడవాళ్లు చాళ్లలో ఎందరో ఉన్నారు. ఆ మూడు భాషలే ఈ కొలువుకు అసలైన అర్హత.

రైలెక్కిస్తే తీరదు

బొంబాయిలో జబ్బు ముదిరితే ఇళ్లలో మొదట వినిపించే సలహా 'ఊరికి తోలుదాం'. రాత్రి రైలెక్కిస్తారు, పొద్దున నిజామాబాద్‌లో దింపుతారు. మందుల చీటీ రైల్లోనే పోతుంది. ఊళ్లో బీడీలు చుట్టే తల్లి మీద ఆ బరువంతా పడుతుంది. ఏ మందు, ఎంత మోతాదు, ఎన్నాళ్ల నుంచి అన్నది ఆమెకు తెలియదు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో 1996 నుంచీ ఉంది. నిజామాబాద్ ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. పెద్ద దిక్కుగా హైదరాబాద్ ఎర్రగడ్డ ఆసుపత్రి ఉంది. లేనిది ఒక్కటే. ముంబైలో మొదలైన చికిత్స సరిహద్దు దాటాక అందుకునే చెయ్యి. చాల్‌లోని తోడు మనిషి ఒక ఫోన్ చేస్తే మండలంలో ఇంకో మనిషి ఆ ఇంటి గడప తొక్కాలి. 2022 అక్టోబర్ 10న మొదలైన టెలి మానస్ 14416 నంబరు తెలుగు సహా 20 భాషల్లో పలుకుతుంది. మంచిదే. అయితే ఫోన్ ధైర్యం చెబుతుంది, పక్కన నడవలేదు.

గోడలు కూలకముందే

తొందర ఎందుకంటే, ఆ చాళ్లే ఇక ఎన్నాళ్లో ఉండవు. వర్లీ బీడీడీ చాళ్ల స్థానంలో లేచిన భవనాల్లో మొదటి 556 కుటుంబాలకు 2025 ఆగస్టులో తాళాలిచ్చారు. కామాటిపురా పునర్నిర్మాణ పథకం మహాడా చేతిలో ఉంది. 160 చదరపు అడుగుల గదిలో తరాలు గడిపినవారికి పెద్ద ఇల్లు రావడం సంతోషమే. కానీ ఇన్నాళ్లూ జీతం లేని తోడు మనిషి వరండానే. మతి చెదిరిన మనిషి బయటికి పోతుంటే 'ఏడికి పోతున్నవ్ కాకా, రా కూసో' అని ఆపింది పక్కింటివారే. కోడలు రెండు రోజులు తలుపు తీయకపోతే తట్టింది ఎదురింటి అక్కే. ఇరవై అంతస్తుల భవనంలో, లిఫ్టు పక్కన మూసిన తలుపు వెనుక ఆ మాట ఎవరంటారు? పునరావాస లెక్కల్లో పార్కింగ్‌కు చోటుంది, క్లబ్ హౌస్‌కు చోటుంది. మనసు చెదిరినవారికీ, వారి పక్కన కూర్చునేవారికీ ఒక గది అడగడం అత్యాశ కాదు.

ముంబై కార్పొరేషన్ తన ఆరోగ్య కేంద్రాల్లో తెలుగు వచ్చిన తోడు మనుషులను జీతం మీద పెట్టుకోవాలి. శిక్షణ, పర్యవేక్షణ బాధ్యత నాయర్, జేజే మానసిక వైద్య విభాగాలకు అప్పగించాలి. ముంబై తెలుగు సంఘాలు పండుగ పందిళ్లకు పెట్టే ఖర్చులో కొంత దీనికి మళ్లించాలి. తెలంగాణ ప్రభుత్వం ముంబై వలసలు ఎక్కువగా ఉన్న జిల్లాల్లో మండలానికి ఒకరినైనా పెట్టి రెండు చివరలూ కలపాలి. ఓట్లప్పుడు బొంబాయి బస్సులు పెట్టి జనాన్ని రప్పించే నాయకులకు ఆ జనం ఏ సందులో, ఏ గదిలో, ఏ రందితో బతుకుతున్నారో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. వినాలన్న మనసుండాలి, అంతే.